నల్లటి టైరు, ఉప్పుగాలి

టైరుకు పాలిష్ ఎందుకు పెడతారని అడిగితే రెండు జవాబులు వస్తాయి. బండి కొత్తదానిలా కనబడాలని ఒకటి, టైరు పగలకుండా ఇంకో రెండేళ్లు ఎక్కువ నడవాలని రెండోది. మొదటిది నిజం. రెండోది సీసాల మీద రాసినంత నిజం కాదు. ఈ రెంటినీ కలిపేసి చూడడం వల్లే ఏ పాలిష్ కొనాలి, ఎంత పెట్టాలి, ఎన్నాళ్లకోసారి పెట్టాలి అన్న ప్రతి ప్రశ్నకూ తప్పు జవాబు దొరుకుతోంది. ఎండ, వాన, ఉప్పుగాలి మూడూ కలిసి బండి మీద పడే అండమాన్‌లోని వండూర్ లాంటి చోట ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది.

శ్రీ విజయపురం నుంచి వండూర్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. 2024 సెప్టెంబరు దాకా ఆ నగరం పోర్ట్‌బ్లెయిర్. చాలామంది నోట ఇప్పటికీ అదే పేరు. గారచర్మ దాటి సిప్పీఘాట్ వచ్చేసరికి రోడ్డు పక్కనే ఉప్పునీళ్లు కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన ఆ భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. అప్పటిదాకా వరి పండిన పల్లపు పొలాల్లోకి సముద్రపు పోటు ఎక్కి కూర్చుంది. ఆ దారి చివర వండూర్ జెట్టీ. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు అదే గుమ్మం. జాలీబోయ్ దీవికో, అది మూసి ఉండే కాలంలో రెడ్‌స్కిన్ దీవికో వెళ్లే పడవలు పొద్దున్నే అక్కడినుంచి బయల్దేరతాయి. పడవ అందుకోవాలని టూరిస్టు కార్లు తెల్లవారకముందే ఆ దారి పడతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం నుంచి, విశాఖపట్నం నుంచి తరాలుగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. వాళ్లయినా ఇంకెవరైనా, బండి మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లకు టైరు అందం వృథా సోకు కాదు. పార్టీ వచ్చి డోరు తీసేముందే చూపు చక్రం మీద పడుతుంది. ఒళ్లంతా కడిగిన కారుకు గోధుమరంగు టైర్లుంటే ఆ కడిగిన శ్రమ అంతా కొట్టుకుపోతుంది.

ఆ గోధుమరంగు ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. మిగతా కథంతా అక్కడే ఉంది.

రబ్బరు పుట్టుకతో నలుపు కాదు. తొలినాటి టైర్లు తెలుపుకు దగ్గరగా, పాలిపోయినట్టుండేవి. 1898లో పుట్టిన మిషలిన్ టైర్ల మనిషి బొమ్మ తెల్లగా ఉన్నది అందుకే. 1910ల్లో కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసిని రబ్బరులో కలపడం మొదలైంది. టైరు అరుగుదలకు తట్టుకోవడం ఒక్కసారిగా పెరిగింది, రంగు నల్లబడింది. ఇవాళ కారు టైరు బరువులో సుమారు పావు వంతు ఆ మసే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను లోపలికి పోనీయకుండా మింగేసేదీ అదే. సదాశివపేట ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీలో తయారైనా, చినపాండూరు అపోలో ఫ్యాక్టరీలో తయారైనా ఈ మసి లేకుండా టైరు బయటికి రాదు. అలాంటప్పుడు ‘యూవీ నుంచి రక్షణ’ అని పాలిష్ సీసా మీద పెద్దక్షరాలతో రాసుకుంటే, ఆ రక్షణ టైరుకు అదనంగా కలిగించేది బహు స్వల్పం. అదే సీసాను డాష్‌బోర్డు మీద, బంపరు ప్లాస్టిక్ మీద వాడితే ఆ మాటకు కొంత విలువుంటుంది.

టైరుకు ఎండకంటే పెద్ద శత్రువు ఓజోన్. సహజ రబ్బరులో, టైర్లలో వాడే చాలా కృత్రిమ రబ్బర్లలో అణువుల గొలుసుల పొడవునా జంట బంధాలుంటాయి. ఓజోన్ నేరుగా వాటినే తెంచుతుంది. రబ్బరు లాగి పట్టినట్టు ఉన్నచోట, అంటే గాలి నింపిన టైరు సైడ్‌వాల్ మీద, ఆ తెగిన చోటు పగులుగా తెరుచుకుంటుంది. 1950 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ పొగమంచు కారణాలు వెతికిన కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ గాలిలో ఓజోన్ ఎంతుందో చూడడానికి వంచిన రబ్బరు ముక్కల్నే వాడాడు. ఎంత త్వరగా పగుళ్లు వస్తే అంత ఓజోన్ ఉన్నట్టు. ఊరి గాలి పాడైందని మనిషి ముక్కుకన్నా, కంటికన్నా కచ్చితంగా రబ్బరు చెప్పింది.

దీనికి మందు కూడా ఆ దశాబ్దంలోనే దొరికింది. అమెరికా సైన్యం నిల్వ ఉంచిన వాహనాల టైర్లు, కదలకుండానే, పగిలిపోతుండేవి. రాక్ ఐలండ్ ఆయుధాగారంలో పరిశోధకులు దీని వెంటపడ్డారు. పారాఫినైలిన్‌డైఅమీన్ జాతి రసాయనాలను రబ్బరులో కలిపితే అవి ఓజోన్‌కు ఎదురెళ్లి తామే ఖర్చవుతాయని తేలింది. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి టైరులోనూ ఉండే 6పీపీడీ ఆ జాతిదే. దానికి తోడు టైరులో మైనం కూడా కలుపుతారు. మైనం మెల్లగా ఉపరితలానికి వచ్చి పొరగా పరుచుకుంటుంది. బండి నిలిపి ఉన్నప్పుడు ఆ పొర కాపాడుతుంది. నడుస్తున్నప్పుడు సైడ్‌వాల్ వంగుతూ ఉండడంతో మైనం పొర చిట్లిపోతుంది, అప్పుడు 6పీపీడీ ఆ పని అందుకుంటుంది. బండి కదులుతున్నకొద్దీ ఆ రసాయనం లోపల్నుంచి పైకి వస్తూ ఉంటుంది.

అలా పైకి వచ్చినది గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. మనం మురికి అనుకునేదాంట్లో పెద్ద భాగం ఇదే. టైరు తనను తాను కాపాడుకున్న గుర్తు అది. వారం వారం ఘాటైన డీగ్రీజర్ కొట్టి, ఆ రంగు పూర్తిగా పోయేదాకా తోమడం టైరుకు మేలు చేయడం కాదు. కంటికి నచ్చడానికి అప్పుడప్పుడు తీయొచ్చు, లోపల్నుంచి మళ్లీ వస్తుంది కాబట్టి కొంప మునిగిపోదు. రోజూ తిరిగే టాక్సీకి ఆ సరఫరా సాగుతూనే ఉంటుంది. నెలల తరబడి ఇంటి ముందు నిలిచిపోయిన కారు సంగతి వేరు. ఉన్న మైనం పొరను కూడా దానికి మనమే గీకేస్తే మళ్లీ పైకి తెచ్చే కదలిక ఉండదు.

దుకాణంలో దొరికే పాలిష్‌కూ ఇలాంటి పుట్టుకే. 1962లో జో పాల్చర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రబ్బరును కాపాడే ద్రవమొకటి తయారుచేశాడు. 1972లో అలన్ రిపిన్‌స్కీ దాన్ని కొని ఆర్మర్ ఆల్ పేరుతో ఇంటింటికీ చేర్చాడు. రక్షణ అన్న మాటతో మొదలైన సరుకు మెరుపు అన్న మాటతో అమ్ముడుపోయింది. అప్పట్నుంచి వచ్చిన బ్రాండ్లన్నీ ఆ బాటనే నడిచాయి.

మరి టైర్లు చేసేవాళ్లు ఏమంటారు? ఈ విషయంలో సూటిగా మాట్లాడింది మిషలిన్. పెట్రోలియం, ఆల్కహాల్, సిలికాన్ ఉన్న డ్రెస్సింగ్‌లు, అంటే ఈ పాలిష్‌లు, రబ్బరు ముసలితనాన్ని తొందరపెడతాయని ఆ సంస్థ తన వాహనదారుల పుస్తకాల్లో రాసింది. అదే చోట ఇంకో మాట కూడా చెప్పింది: మూడు నాలుగేళ్లకు మార్చేసే కారు టైర్ల మీద ఇబ్బంది కనబడడం అరుదు, తక్కువ తిరిగి ఎక్కువకాలం ఉండే టైర్ల మీదే అసలు సమస్య. శుభ్రం చేయడానికి మెత్తటి బ్రష్షు, సాధారణ సబ్బునీళ్లు చాలునంది. సిలికాన్‌ను కూడా ఆ చిట్టాలో చేర్చడం నాకు కాస్త ఎక్కువనిపిస్తుంది. సిలికాన్ నూనె రబ్బరుతో పెద్దగా కలిసే పదార్థం కాదు. దాన్ని మోసుకొచ్చే పెట్రోలియం ద్రావకమే మైనాన్నీ 6పీపీడీనీ కడిగేయగలదు. కాబట్టి సీసా ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అందులో సిలికాన్ ఉందా లేదా అని కాదు, అది దేనిలో కలిపి ఉందని.

మార్కెట్లో సరుకు లెక్కలేనంత ఉన్నట్టు కనిపించినా కుటుంబాలు ప్రధానంగా రెండే. ఒకటి నీళ్ల ఆధారంగా చేసింది. పాలలా తెల్లగా ఉంటుంది, సిలికాన్ నూనెను నీళ్లలో చిన్న చిన్న బొట్లుగా చెదరగొట్టిన ఎమల్షన్. ఆరాక కొత్త టైరు నలుపు వస్తుంది, అద్దంలాంటి మెరుపు రాదు. వాటర్ సర్వీసింగ్ షెడ్లలో క్యాన్ల కొద్దీ తెచ్చుకుని నీళ్లు కలిపి వాడేది చాలాచోట్ల ఇదే. నీళ్లు మితిమీరి కలిపితే సాయంత్రానికే మాయమైపోవడం దీని గుణం. రెండోది ద్రావకం ఆధారంగా చేసింది. పారదర్శకంగా, చిక్కగా, పెట్రోలు వాసనతో ఉంటుంది. తడిసినట్టు మెరుస్తుంది, వానను ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది, అంతకంత దుమ్మునూ అంటించుకుంటుంది. స్ప్రే డబ్బాల్లో చాలావరకు ఈ జాతివే. జెల్లులు రెండు రకాల్లోనూ ఉన్నాయి. ఈ మధ్య నెలల తరబడి ఉంటాయంటూ పాలిమర్ కోటింగులు, సిరామిక్ అని పేరు పెట్టుకున్నవీ వస్తున్నాయి. టైరును పూర్తిగా వట్టి రబ్బరు అయ్యేదాకా శుభ్రం చేసి, ఆరబెట్టి వేస్తే అవి బాగానే నిలుస్తాయి. లేదంటే పాత పాలిష్ మీద కూర్చుని పెచ్చులుగా ఊడతాయి.

ఏది ఏ జాతిదో సీసా మీద చాలాసార్లు స్పష్టంగా ఉండదు. మంట బొమ్మ ఉంటే చాలావరకు ద్రావకం. చేతికంటిన చుక్క వట్టి నీళ్లతో తేలిగ్గా చెదిరిపోతే నీళ్లది. మూత తీసి ఒక్కసారి వాసన చూసినా చాలు.

ఇప్పుడు వీటిని వండూర్ వాతావరణంలో పెట్టి చూద్దాం. ఈ దీవుల రాజధానిలో ఏడాదికి కురిసే వాన 3,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. హైదరాబాదులో కురిసేది దాదాపు 800. మే నుంచి నైరుతి, అది వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం. ఆ నెలల్లో నీళ్ల పాలిష్ నాలుగు గట్టి వానలకు పోతుంది. పోతుంది కదా అని ద్రావకం డబ్బా వైపు మొగ్గేవాళ్లే ఎక్కువ. నా అభిప్రాయం ఇందుకు వ్యతిరేకం. వానల్లో టైరు రోజూ కడుగుడు పడుతూ నల్లగానే ఉంటుంది. అప్పుడు అసలు పాలిష్ అక్కర్లేదు. టూరిస్టుల సీజన్ అయిన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ, నీళ్ల పాలిష్ వారం పది రోజులు నిలుస్తుంది. పైగా ఇసుక చోట జిడ్డు టైరు ఉండకూడదు. బీచి పక్కన నిలిపిన బండికి తడిమెరుపు పాలిష్ ఉంటే సైడ్‌వాల్ అంతా సన్నటి ఇసుక అంటుకుని, అరగంటలో టైరు బూడిదరంగుకు తిరుగుతుంది. ఇంకో చిక్కు గాలిలో తేమ. విశాఖలోనే ఉక్కగా ఉంటుందనుకుంటాం, ఇక్కడ అంతకు తక్కువేమీ కాదు. నీళ్ల పాలిష్ ఆరడానికి సీసా మీద రాసినదానికి రెట్టింపు సమయం ఇవ్వాలి.

ఉప్పు గురించి భయం మాత్రం టైరు విషయంలో అనవసరం. ఉప్పునీళ్లు రబ్బరును పెద్దగా ఏమీ చేయవు. అవి తినేది రిమ్మును, నట్లను, బ్రేకు భాగాలను. టైరు తెగి లోపలి ఉక్కు తీగ బయటపడితే దాన్నీ తింటాయి. సిప్పీఘాట్ దగ్గర పోటు నీళ్లలోంచి బండి వచ్చిందంటే టైరుకు పాలిష్ గురించి కాదు, చక్రం లోపలి వైపు మంచినీళ్లు కొట్టడం గురించి ఆలోచించాలి.

అన్నిటికన్నా చవక మార్గాలు ఇంట్లో, మెకానిక్ షెడ్డులో ఉంటాయి: కిరోసిన్, డీజిల్, కాలిన ఇంజనాయిలు. గుడ్డ ముంచి తుడిస్తే క్షణాల్లో నల్లగా నిగనిగలాడుతుంది. వీటిని మాత్రం గట్టిగా వద్దనాలి. రబ్బరు ఈ నూనెలను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, బలం పోగొట్టుకుంటుంది. పాలిష్‌ల మంచిచెడ్డల మీద వాదించుకోవచ్చు గానీ ఇంజనాయిలు మీద వాదించడానికి ఏమీ లేదు. కొబ్బరినూనె అంత హాని చేయదు కానీ మక్కువాసన వస్తుంది, దుమ్ముకు జిగురవుతుంది.

పెట్టే పద్ధతి సీసా ఎంపికకన్నా ముఖ్యం. టైరు చల్లగా, నీడలో ఉండాలి. నీళ్లు కొట్టి, సబ్బునీళ్లు పోసి నైలాన్ బ్రష్షుతో సైడ్‌వాల్ చుట్టూ తోమితే మొదట నురగ టీ రంగులో కారుతుంది. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నచోట, రిమ్ము అంచు దగ్గర పాత పాలిష్ జిగురు పేరుకుని ఉంటుంది, బ్రష్షు అక్కడ జారుతుంది. జారడం ఆగి గరగరమన్నాకే కింద వట్టి రబ్బరు తగిలినట్టు. కడిగి మళ్లీ తోమాలి. నురగ తెల్లగా వచ్చేదాకా కాదు, లేత గోధుమరంగుకు వస్తే చాలు. తడి ఆరనివ్వాలి, ముఖ్యంగా గాడుల్లో. స్పాంజి మీద చిన్న చెంచాడు పాలిష్ వేసి చుట్టూ పలచగా రాయాలి. టైరుకు రెండు చెంచాలు దాటిందంటే ఎక్కువైనట్టే. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి పొడి గుడ్డతో మొత్తం ఓసారి తుడవాలి. ఈ చివరి తుడుపును దాదాపు అందరూ ఎగ్గొడతారు. అది ఎగ్గొట్టిన బండి రోడ్డెక్కి వేగం అందుకోగానే మిగులు పాలిష్ చక్రం విసురుకు ఎగిరి డోర్ల కింది భాగంలో, మడ్‌గార్డు వెనక చుక్కలు చుక్కలుగా పడుతుంది. తెల్లకారు మీద అది మరీ స్పష్టంగా కనబడుతుంది. తుడిచాక వేలితో రుద్ది చూస్తే వేలికి తడి అంటకూడదు.

నేలకు ఆనే ట్రెడ్ మీద పాలిష్ పడకూడదు, బ్రేకు డిస్కు మీద స్ప్రే తుంపర పడకూడదు. నేరుగా చక్రం మీదికి స్ప్రే కొట్టేబదులు స్పాంజి మీద కొట్టుకుంటే రెండు ప్రమాదాలూ తప్పుతాయి. ఇక స్కూటర్లకూ బైకులకూ టైరు పాలిష్ అసలే వద్దు. మలుపులో రెండు చక్రాల బండి ఒరిగినప్పుడు నేలకు ఆనేది టైరు అంచే. శ్రీ విజయపురంలో అద్దెకు స్కూటరు తీసుకుని వండూర్ దారిలో వచ్చేవాళ్లు టైర్లు తళతళలాడుతుంటే సంతోషించక, ముందు గుడ్డతో అంచులు తుడిచి చూసుకోవడం మంచిది. దారి మలుపులతో ఉంటుంది, వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు. జాలీబోయ్‌కు ప్లాస్టిక్ సంచి కూడా తీసుకెళ్లనివ్వరు. జెట్టీలోనే సామాను చూసి ఆపుతారు. పగడపు దిబ్బల మీద అంత శ్రద్ధ ఉన్న తీరంలో, కారు కడిగిన డీగ్రీజరు నురగా ద్రావకమూ కాలవ గుండా చేరేది ఆ దిబ్బలున్న సముద్రంలోకే. టైరు రసాయనం నీళ్లలో ఏం చేయగలదో 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడ్డప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోవడానికి కారణం, రోడ్డు మీద అరిగిన టైరు పొడిలోని 6పీపీడీ ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారడమని తేలింది. టైరును కాపాడే మందే చేపకు విషమైంది. పాలిష్ వల్ల వచ్చేది కాదది, టైరు అరుగుదలతో వచ్చేది. అయినా సైడ్‌వాల్ మీది గోధుమరంగును మనం ఎంత ఘాటుగా తోమి కాలవలోకి వదిలితే ఆ జాతి రసాయనం అంత నీళ్లలోకి పోతుంది. కాబట్టి బండిని తీరం ఒడ్డునో వాగు పక్కనో కాకుండా గడ్డి నేల మీద, ఇంటి దగ్గర, లేదా నీళ్లను కుంటలో నిలిపే సర్వీసింగ్ షెడ్డులో కడగాలి. సబ్బు మామూలుది చాలు. దీవుల్లో ద్రావకం పాలిష్ వద్దనడానికి నాకు బలమైన కారణం ఇదే.

టైరు ఆయుష్షు పెంచాలంటే చేయాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది గాలి. గాలి తక్కువైన టైరు సైడ్‌వాల్ ప్రతి తిప్పుకూ ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, ఆ వంపులోనే పగులు మొదలవుతుంది. కదలని బండిని నీడలో పెట్టి, అప్పుడప్పుడు కొద్ది దూరమైనా నడపడం రెండోది. ఈ రెండూ చేస్తే పాలిష్ పెట్టకపోయినా టైరు నష్టపోయేదేమీ లేదు.

పాలిష్ చేయగల అసలు కీడు ఒకటుంది. అది పగుళ్లను మూసేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి అమ్మేవాళ్లు ముందు టైర్లకే మెరుగు పెడతారు, నూనె నిండిన సన్నటి పగుళ్లు కంటికి ఆనవు. దీవుల్లోకి టైర్లు విశాఖ, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి ఓడల్లో రావాలి, ఖరీదు ఎక్కువ పడుతుంది. పాత టైరును ఇంకో సీజన్ నడిపేద్దామన్న ఆశ అందుకే ఎక్కువ. అలాంటి బండి కొనేటప్పుడు సబ్బునీళ్లతో ఒక టైరు కడిగి చూపమనాలి. కడిగిన చోట సైడ్‌వాల్‌ను బొటనవేలితో నొక్కి పక్కకు లాగితే పగుళ్లు నోరు తెరుస్తాయి. అక్కడే ‘డీఓటీ’ అక్షరాల వరస చివర చిన్న పెట్టెలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైన టైరని అర్థం. ఆ అంకెలు కొన్నిసార్లు టైరు ఒక్క వైపే ఉంటాయి, బండి కిందికి వంగి లోపలి వైపు చూడాల్సి వస్తుంది. అయిదేళ్లు దాటితే ఏటా ఒకసారి తెలిసినవాళ్లకు చూపించమని, పదేళ్లు నిండితే ఎంత బాగున్నా తీసేయమని మిషలిన్ చెబుతుంది. డిక్కీలో పడి ఉన్న స్టెప్నీకి కూడా ఆ అంకెలు చూడాలి. దానికి ఎండ తగలదు, పాలిష్ పెట్టరు, అరగదు, అందుకని కొత్తదిగానే కనిపిస్తుంది. వయసు మాత్రం మిగతా నాలుగింటితో పాటే పెరుగుతుంది, కొన్ని బండ్లలో వాటికన్నా ఎక్కువే ఉంటుంది.